నేరేడు చెట్టు కింద హాజరు

జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు మా వీధి మొదట్లో తోపుడు బండి మీద అల్లనేరేడు పళ్ళు కనిపించాయి. పావుకిలో తీసుకుంటే బండి అబ్బాయి చిన్న కాగితం పొట్లంలో ఉప్పు కూడా కట్టిచ్చాడు. ఇంటికొచ్చి గిన్నెలో పోసి కడుగుతుంటే ఆ వగరు వాసన గుప్పున తగిలింది. కిటికీలోంచి తడిమట్టి వాసన వస్తోంది. రెండూ కలిసేసరికి నేను హైదరాబాదులో ఉన్న సంగతే మర్చిపోయాను. చేతులు నీళ్ళలో అలాగే ఉండిపోయాయి.

అంతలో మా మనవరాలు స్కూల్ బస్సు దిగి వచ్చింది. నాలుగో తరగతి. పళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నాలుక ఊదారంగుకు మారిందో లేదో అద్దంలో చూసుకుంటూ చెప్పింది.

"అమ్మమ్మా, మా స్కూల్లో కొత్తగా మైండ్‌ఫుల్‌నెస్ పీరియడ్ పెట్టారు. స్క్రీన్ మీద ఒక సున్నా ఉంటుంది. అది పెద్దదైతే గాలి పీల్చాలి, చిన్నదైతే వదలాలి."

"బాగుందా?"

"బాగానే ఉంది. మా మేడమ్ మాత్రం చెయ్యరు. అప్పుడు నోట్సులు దిద్దుకుంటారు."

ఆ మేడమ్‌ను నేను తప్పు పట్టలేను. దిద్దాల్సిన నోట్సుల దొంతర ఎంత ఎత్తుంటుందో నాకు తెలుసు. కానీ పిల్ల అన్న మాట రాత్రి దాకా నన్ను వదల్లేదు. నలభై ఏళ్ళ కింద, ఒక నేరేడు చెట్టు కింద, నేను మొదట చేసిన పొరపాటు కూడా అదే. పిల్లలు కళ్ళు మూసుకుని కూర్చోవాలి, నేను కళ్ళు తెరుచుకుని కాపలా కాయాలి అనుకున్నాను.

*

నా మొదటి పోస్టింగు దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో. ఉప్పెన వచ్చిన మూడేళ్ళకు వెళ్ళాను. అక్కడ కాలాన్ని ఉప్పెనతో కొలిచేవారు. ఫలానావాళ్ళ పెళ్ళి ఉప్పెనకు ముందు, ఫలానా గేదెను కొన్నది ఉప్పెన తర్వాత. 1977 నవంబరు 19, శనివారం. ఆ తీరంలో పోయినవాళ్ళు పదివేల మందికి పైనే. నేను వెళ్ళేటప్పటికి పొలాలు మళ్ళీ పచ్చబడ్డాయి గాని, పల్లపు మళ్ళలో ఎండాకాలం వస్తే ఉప్పు తెల్లగా పేరుకునేది. మనుషుల మాటల్లో కూడా అలాంటి చోట్లు ఉండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయి, పశువుల సంగతి ఎత్తుకునేవాళ్ళు.

చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని, దిగాక కాలవ కట్ట మీద నడిచి వెళ్ళాలి. బడి తుపాను షెల్టరులో నడిచేది. లావుపాటి స్తంభాల మీద కట్టిన మేడ. కింద అంతా ఖాళీ, పైన పెద్ద గదులు. కింద స్తంభాల నీడన గేదెలు నెమరు వేస్తుంటే, పైన మేము ఎక్కాలు చెప్పించేవాళ్ళం. కిటికీల్లోంచి సముద్రపు గాలి ఎప్పుడూ వీస్తూనే ఉండేది. సుద్దపొడి నల్లబల్ల కింద ఒక్క క్షణం నిలిచేది కాదు. పాఠం వినపడాలంటే గొంతు పెంచాలి. మేము పెంచితే పిల్లలు ఇంకా పెంచేవాళ్ళు. సాయంత్రానికి నా గొంతు బొంగురుపోయేది.

బడిగంట అంటే తాడుతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఏడో తరగతి పిల్లలు వంతులవారీగా ఇనప కడ్డీతో కొట్టేవాళ్ళు. తన వంతు వచ్చిన రోజున పిల్లవాడు అందరికంటే ముందే బడికి వచ్చేసేవాడు. ఆ మోత కాలవ అవతలి గట్టు దాకా వెళ్ళేది.

కాలవ గట్టునే ఉండేది నేరేడు చెట్టు. ఉప్పెన నాటి గాలికి ఒక పక్క వేళ్ళు లేచిపోయి, నేల మీదికి ఒరిగి, అలాగే బతికింది. ఒరిగిన మానును పిల్లలు బెంచీ చేసుకున్నారు. పళ్ళు చిన్నవి, కండ తక్కువ, గింజ ఎక్కువ. బళ్ళు తెరిచే రోజులకు పండేవి. మొదటి వారమంతా పలకల మీద, చొక్కాల మీద, పుస్తకాల అట్టల మీద ఊదా మరకలే. తల్లులు వచ్చి నాతో పోట్లాడేవాళ్ళు, చెట్టెక్కనిచ్చింది నేనేనన్నట్టు.

*

ఆ ఊరు వెళ్ళిన రెండో వేసవిలో మా పెద్దమ్మ గారి అబ్బాయి నన్ను హైదరాబాదు తీసుకెళ్ళాడు. నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అని విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. 1976లో మొదలైంది. బర్మాలో పుట్టి, అక్కడ సయాజీ ఉ బా ఖిన్ అనే గురువు దగ్గర నేర్చుకుని, 1969లో మన దేశానికి ఆ విద్యను తెచ్చిన గోయెంకా గారి పద్ధతి. పది రోజులు మాట లేదు. తెల్లవారుజామున నాలుగింటికే గంట. మొదటి మూడు రోజులూ చెయ్యాల్సింది ఒక్కటే, ముక్కు దగ్గర వచ్చే గాలిని, పోయే గాలిని గమనించడం. పెంచకూడదు, తగ్గించకూడదు, మంత్రం జోడించకూడదు. శ్వాస ఎలా ఉంటే అలా. దాన్నే ఆనాపానం అంటారు.

అంతకు ముందు ధ్యానం అంటే నాకు తెలిసింది మా నాయనమ్మ జపమాల ఒక్కటే. అక్కడ మూడో రోజు సాయంత్రం, గట్టిగా రెండు మూడు నిమిషాలు ఉంటుందేమో, నా బుర్రలో మాటలు ఆగాయి. ఆ గాలి చల్లదనం, నేను, అంతే. బయటికొచ్చి వేపచెట్టు కింద ఏడ్చాను. దుఃఖం కాదు, ఏమిటో ఇప్పటికీ పేరు పెట్టలేను.

చివరి రోజు మౌనం విప్పాక, వంటశాలలో సేవ చేసే ఒక పెద్దావిడతో, మా బడి పిల్లలకు ఇది నేర్పాలని ఉందండీ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ముందు నువ్వు ఒక ఏడాది రోజూ కూర్చోమ్మా. తర్వాత చెప్దువుగాని" అంది. తర్వాతి కాలంలో ఆ కేంద్రాల్లోనే పిల్లలకు విడిగా ఆనాపాన శిబిరాలు పెట్టారు, నేర్పేవాళ్ళకు ముందు తగిన శిక్షణ ఉండాలన్నారు. ఆ జాగ్రత్త ఎందుకో నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేను ఏడాది కాదు గదా, వారం కూడా ఆగలేదు.

*

బళ్ళు తెరిచిన మూడో రోజున నాలుగు, ఐదు తరగతుల పిల్లలను చెట్టు కిందికి తీసుకెళ్ళి వరసల్లో కూర్చోబెట్టాను. "కళ్ళు మూసుకోండి. కదలొద్దు. ముక్కులోంచి వచ్చే గాలిని చూడండి." ఇరవై నిమిషాలు. బెత్తం చంకలో పెట్టుకుని వరసల మధ్య తిరిగాను.

ఏమవుతుంది? గట్టిగా మూసిన కళ్ళ చుట్టూ ముడతలు. ఊపిరి చూడమంటే డ్రిల్లు పీరియడ్‌లో లాగా రొమ్ము విరిచి బుసబుసమని పీల్చారు. ఇద్దరికి కళ్ళు తిరిగాయి. ఒక పిల్ల నిద్రపోయి పక్క పిల్ల మీద ఒరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు వరసంతా పాకింది. నేను అరిచాను. ప్రశాంతంగా ఉండమని అరిచాను.

ఐదో తరగతి కుర్రాడు ఒకడు మాత్రం కళ్ళు మూసుకోనే లేదు. మొదటి రోజు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. రెండో రోజు హెచ్చరించాను. మూడో రోజు చెయ్యి చాపమని రెండు దెబ్బలు వేశాను. వాడు ఏడవలేదు. అరచెయ్యి నిక్కరుకు రుద్దుకుని, మళ్ళీ కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు.

మధ్యాహ్నం పెద్దమాస్టారు నన్ను పిలిచారు. యాభై దాటిన మనిషి, మాట చాలా తక్కువ. నన్ను ఒక్క మాట అనలేదు. "అమ్మా, వాడు ఆ రాత్రంతా తుమ్మచెట్టు మీద ఉన్నాడు. వాళ్ళ ఇంట్లో ఆరుగురు ఎక్కారు ఆ చెట్టు. తెల్లారేసరికి వాడూ, వాళ్ళ తాతా మిగిలారు" అని చెప్పి, కళ్ళజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు వాడిని పక్కకు పిలిచి అడిగాను. "కళ్ళు మూసుకుంటే ఏమవుతుంది నాయనా?"

"నీళ్ళ మోత వస్తదండి."

అంతే అన్నాడు. నేను దెబ్బ వేసిన చెయ్యి పట్టుకుని, తప్పయిపోయిందిరా అన్నాను. వాడు కంగారుగా చుట్టూ చూశాడు. టీచరు తప్పయిందని అనగా వాడెప్పుడూ విని ఉండడు. ఆ బెత్తాన్ని షెల్టరు మెట్ల కింద పడేశాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళ సర్వీసులో మళ్ళీ పట్టుకోలేదు.

*

దసరా సెలవులు అయిపోయేదాకా పిల్లలతో ఆ ఊసు ఎత్తలేదు. నేనే కూర్చున్నాను. అద్దె గదిలో, కోడి కూసే వేళకు, చాప మీద. కొన్ని రోజులు అరగంట, కొన్ని రోజులు పది నిమిషాలు. ఇంటావిడ పేడనీళ్ళు చల్లే చప్పుడు, దూరంగా పడవల ఇంజన్ల చప్పుడు. ఆ చప్పుళ్ళు వింటూ కూర్చుంటుంటే ఒక రోజు అనిపించింది. పిల్లలకు చెవులు ఎంత పదునో! వాళ్ళకు వినడం ఇష్టం. నేను వాళ్ళ కళ్ళతో ఎందుకు పెట్టుకున్నాను?

అప్పుడు రైలు పట్టా గుర్తొచ్చింది.

మర్నాడు పిల్లలతో ఇలా అన్నాను. "గంట ఒక్కసారి కొడతాను. ఆ మోత పూర్తిగా ఆగిపోయిందని మీకు అనిపించినప్పుడు వేలు ఎత్తండి. కళ్ళు మూసుకున్నా సరే, తెరిచినా సరే." కొట్టాను. మొదట ఖంగుమంది. తర్వాత అది ఝుమ్మనే తుమ్మెద చప్పుడు లాగా మారింది. తర్వాత సన్నటి దారం. ఆ దారం ఎక్కడ తెగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్క వేలే లేచింది. చివరికి ఒక చిన్న పిల్ల మిగిలింది, మెడ పక్కకు వాల్చి, నోరు కాస్త తెరిచి వింటోంది. అందరూ ఆ పిల్ల వేలు కోసమే చూస్తున్నారు. నలభై మంది పిల్లలు, చెట్టు కింద, ఎవరూ చెప్పకుండా నిశ్శబ్దంగా ఉన్నారు. నేనూ వాళ్ళతో పాటే నేల మీద కూర్చున్నాను.

వేలు ఎత్తాక పెద్ద తగాదా. "ఆగిపోయిందిరా ఎప్పుడో." "లేదండీ, నాకింకా వినపడిందండి." మళ్ళీ కొట్టమని గొడవ.

వారం రోజులు అదే ఆట. తర్వాత, మోత ఆగాక ఇంకేం వినపడుతున్నాయో చెప్పమన్నాను. ఎడ్లబండి. కొంగ. కాలవలో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. పక్కవాడి కడుపులో పేగుల చప్పుడు. "ఇంకా దగ్గరిది ఏముంది?" అన్నాను. ఆ చివరి వేలు పిల్లే చెప్పింది. "నా ముక్కు చప్పుడండి."

ఊపిరి దగ్గరికి మేము అలా వచ్చాం. దారి ఆ పిల్ల చూపించింది.

ఆ తర్వాత ఎన్ని బళ్ళు మారినా నేను పాటించిన పద్ధతి అక్కడ కుదిరిందే. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు రెండు నిమిషాలు చాలు. వాళ్ళను వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద నేరేడు ఆకు పెడితే, అది పైకి లేస్తూ దిగుతూ ఉంటే చూసుకుంటారు. పెద్ద తరగతులకు ఐదు నిమిషాలు, అలవాటయ్యాక ఏడు, పది. గాలిని లాగమని చెప్పకూడదు. "అదే వస్తుంది, అదే పోతుంది. వచ్చేటప్పుడు చల్లగా ఉందా, పోయేటప్పుడు వెచ్చగా ఉందా, అది చూడండి" అనాలి. జలుబు చేసిన పిల్లలు పొట్ట మీద చెయ్యి వేసుకుంటారు. కళ్ళు మూసుకోమని బలవంతం పెట్టనే కూడదు. ఇది నాకు ఒక పిల్లవాడి అరచెయ్యి నేర్పిన పాఠం.

మనసు ఎటు పోయిందో చెప్పమంటే నవ్వుతూ చెప్పేవాళ్ళు. "మా గేద కాడికండి." "జీడీల కొట్టు కాడికండి." దూడ పక్క చేలో పడితే ఏం చేస్తారు అని అడిగాను. తాడు పట్టుకుని తోలుకొస్తాం అన్నారు. అప్పటిదాకా మాట్లాడని ఆ ఐదో తరగతి కుర్రాడు అన్నాడు, "కొట్టకూడదండి. కొడితే ఇంకా పరిగెడతది."

వాడు చెట్టు మానుకు వీపు ఆనించి కూర్చునేవాడు. కళ్ళు తెరుచుకునే. చీమల బారు చూస్తూ. వీపుకు చెట్టు తగులుతుంటే చాలు, మిగతావాళ్ళకంటే వాడే కుదురుగా ఉండేవాడు.

*

ట్రైనింగులో మాకు ఒక మాస్టారు మాంటిస్సోరి పద్ధతి గురించి చెప్పారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి మన దేశంలోనే ఉండిపోయి, ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆవిడ పద్ధతిలో మౌనపు ఆట అని ఒకటుంది. పిల్లలంతా చప్పుడు చెయ్యకుండా కూర్చుంటారు. టీచరు పక్క గదిలోకి వెళ్ళి, ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలుస్తుంది. పేరు వినపడిన పిల్ల చప్పుడు కాకుండా లేచి నడిచి వస్తుంది. పరీక్ష కోసం చదివి మర్చిపోయిన సంగతి అది. ఆ శీతాకాలంలో గుర్తొచ్చింది.

మా గాలికి పక్క గది కుదరదు. పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టి, నేను షెల్టరు స్తంభం చాటుకు వెళ్ళి హాజరు పిలిచేదాన్ని. గుసగుసలో అక్షరాలు మారిపోతాయి. 'గ'తో మొదలయ్యే పేరు 'క' లాగా వినిపిస్తుంది, 'బ' 'ప' అవుతుంది. అలాంటి పేర్ల పిల్లలు మరీ ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చునేవాళ్ళు. రోజూ "ఉన్నానండీ" అని కప్పు ఎగిరేట్టు అరిచేవాళ్ళు ఇప్పుడు మునివేళ్ళ మీద నడిచి వచ్చి, నా ఎదురుగా నిలబడి, పెదవులతో మాత్రం "ఉన్నానండి" అనేవాళ్ళు. వాళ్ళ మొహాల్లో ఒక వెలుగు. ఇంతమందిలో నా పేరే పిలిచారు అన్న వెలుగు. చివరిదాకా మిగిలిన పిల్లకు ఆత్రం ఎక్కువ, అందుకే రోజూ వరస మార్చేదాన్ని.

ఒక రోజు అందరూ వచ్చేశాక తల తిప్పి చూస్తే పెద్దమాస్టారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎప్పటినుంచి ఉన్నారో తెలియదు. పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక నన్ను పైకి రమ్మని, బీరువా అడుగు అర లోంచి ఒక రిజిస్టరు తీశారు. అట్ట ఉబ్బిపోయి ఉంది. ఉప్పెన వచ్చిన ఏడాది హాజరు పట్టీ. నెల లెక్కలు వేద్దామని అవనిగడ్డలో తమ ఇంటికి తీసుకెళ్ళారట, అందుకని మిగిలింది. తెరిచి చూపించారు. పేర్ల మీద ఎర్ర సిరా గీతలు. నేను లెక్కపెట్టలేదు, పెట్టలేకపోయాను.

"మళ్ళీ బడి తెరిచిన రోజున హాజరు పిలవడం మొదలుపెట్టానమ్మా. నాలుగు పేర్లు పిలిచి ఆపేశాను. ఆ ఏడాదంతా మళ్ళీ పిలవలేదు, తలలు లెక్కపెట్టి వేసుకున్నాను" అన్నారు.

ఆ తర్వాతి నవంబరు 19న పొద్దున ప్రార్థన అయ్యాక ఆయన పిల్లలందరినీ చెట్టు కింద కూర్చోమన్నారు. ఆయనా కూర్చున్నారు, పంచె సర్దుకుని నేల మీదే. గంట ఒక్కసారి కొట్టించారు. మోత ఆగింది. అప్పుడు ఆ ఉబ్బిన రిజిస్టరు తెరిచి, గుసగుసగా, ఒక్కొక్క పేరే చదివారు. ఎవరూ లేవలేదు. గట్టు మీద పోతున్న మనుషులు ఆగి, తలపాగాలు తీసి నిలబడ్డారు. ఒక ముసలమ్మ కూర్చుండిపోయింది. ఉప్పెన తర్వాత పుట్టిన ఒకటో తరగతి పిల్లలు కూడా, ఏమీ తెలియకపోయినా, కిక్కురుమనలేదు.

నేను అక్కడ ఉన్నన్నేళ్ళూ అలా జరిగింది.

*

ఏరువాక పున్నమి రోజున మాత్రం సందడి. ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, కొత్త పగ్గాలు. ఆ రోజు చెట్టు కింద ఒక కథ చెప్పేదాన్ని. సిద్ధార్థుడు చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు, తండ్రి శుద్ధోదనుడు పొలం దున్నే పండుగలో ఉంటే, పిల్లవాణ్ణి నేరేడు చెట్టు నీడన కూర్చోబెట్టారు. అందరూ దున్నడం చూస్తుంటే వాడు తన ఊపిరి చూసుకుంటూ కూర్చుండిపోయాడు. పెద్దయ్యాక అడవిలో తిండి మానేసి, ఒళ్ళు శుష్కింపజేసుకుని, ఏమీ దొరక్క అలిసిపోయినప్పుడు ఆయనకు గుర్తొచ్చింది ఆ నేరేడు నీడే. దారి ఇదేనేమో అనుకున్నాడు. బౌద్ధ గ్రంథాల్లో ఉన్న కథే ఇది. ఏళ్ళ తపస్సు ఇవ్వనిది చిన్ననాటి ఒక మధ్యాహ్నం ఇచ్చిందన్న ఆ మాట నాకు ఎంతో ఇష్టం. మా పిల్లలకు మాత్రం అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. "మన చెట్టేనాండీ?" అని అడిగారు.

ఆ కథ పట్టుకుని ఒక శీతాకాలం పిల్లలను ఘంటసాల తీసుకెళ్ళాం. చల్లపల్లికి దగ్గర. అక్కడ పాత ఇటుకల స్తూపం దిబ్బ ఉంది. ఒకప్పుడు రేవు పట్టణం, రోము దాకా వర్తకం నడిచిన చోటు. మన కృష్ణా తీరంలోనే రెండు వేల ఏళ్ళ కింద మనుషులు ఇలా కూర్చున్నారు అని చెప్తే, ఒక పిల్లవాడు ఇటుక మీద చెయ్యి పెట్టి, "ఇయ్యి ఉప్పెనకు పోలేదాండీ?" అన్నాడు. ఆ ఊరి పిల్లలకు ఏది చూసినా మొదట వచ్చే ప్రశ్న అది.

*

అభ్యంతరాలు రాలేదని చెప్పను. చర్చికి వెళ్ళే ఒక తండ్రి వచ్చి, మా పిల్లతో ఏ దేవుడికి దండం పెట్టిస్తున్నారండీ అని మర్యాదగానే అడిగాడు. ఆయన్ని కూడా చెట్టు కింద కూర్చోమన్నాను. గంట మోత విన్నాడు, ఊపిరి చూశాడు. లేచి తువ్వాలు దులుపుకుని, "ఇందులో ఏమీ లేదుగదండీ" అని వెళ్ళిపోయాడు. అంతకంటే బాగా నేను కూడా చెప్పలేను. ఆ రోజు నుంచి బుద్ధుడి కథ ఏరువాకకే ఉంచాను, రోజువారీ కూర్చోవడంలో ఏ పేరూ కలపలేదు.

తర్వాత నాలుగైదు ఊళ్ళు తిరిగాను. ఒక బడిలో పై అధికారి, దీనివల్ల మార్కులు ఎంత పెరుగుతాయి అని అడిగారు. తెలియదండీ అన్నాను. ఇప్పటికీ నా జవాబు అదే. ఢిల్లీ ప్రభుత్వ బళ్ళలో 2018లో హ్యాపీనెస్ కరికులమ్ అని మొదలుపెట్టి, రోజూ కాసేపు పిల్లలను ఇలా కూర్చోబెట్టారని చదివి సంతోషించాను. బ్రిటన్‌లో ఎనిమిది వేలకు పైగా పిల్లలతో చేసిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వాళ్ళ బడి టీచర్లతోనే ఈ పాఠాలు చెప్పించారు. మామూలు పాఠాలు విన్నవాళ్ళకంటే వీళ్ళకు దిగులు తగ్గిందేమీ లేదని తేలింది. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదట. నన్ను అడిగితే పిల్లలకు టెన్షన్ తగ్గించే మందు అని దీన్ని పంచిపెట్టకూడదు. మా పిల్లలు కూడా ఇళ్ళకు వెళ్ళాక ఎప్పుడూ చెయ్యలేదు. చెట్టు కింద మాత్రం, మేమూ వాళ్ళతో కూర్చున్నప్పుడు, ఇష్టంగా చేశారు. దాన్ని నేను చిన్న విషయం అనుకోను.

*

పోయిన ఏడాది పెద్దమాస్టారు పోయారని ఫోన్ వచ్చింది. తొంభై దాటాయి. దినానికి అవనిగడ్డ వెళ్ళాను. కార్యక్రమం అయ్యాక, ఆనాటి ఐదో తరగతి కుర్రాడు, ఇప్పుడు తల నెరిసిన మనిషి, "మన ఊరు చూసి వెళ్దురుగాని రండి టీచరుగారండీ" అని బండి మీద తీసుకెళ్ళాడు.

బడికి వేరే కొత్త భవనం వచ్చింది. షెల్టరు గోడలకు పెచ్చులూడి, ఇనప చువ్వలు తుప్పు పట్టి బయటికొచ్చాయి. కట్ట వెడల్పు చేసినప్పుడు నేరేడు చెట్టును తీసేశారట. దాని చోటు ఎక్కడో కూడా గుర్తుపట్టలేకపోయాను. వరి మళ్ళలో సగం రొయ్యల చెరువులయ్యాయి. అతనూ నాలుగు ఎకరాలు కౌలుకు తీసుకుని రొయ్యలు పెంచుతున్నాడు. చీకటి పడుతుంటే చెరువు గట్టు మీద గుడిసె ముందు మంచం వేశాడు. భార్య టీ తెచ్చింది. చెరువులో రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయి, చక్రాలు నీళ్ళను చిమ్ముతూ ఒకటే హోరు.

ఆ దెబ్బలు గుర్తున్నాయా అని అడిగాను. గుర్తులేదన్నాడు. ఊపిరి చూసుకోవడం కూడా పెద్దగా గుర్తులేదు. చెట్టు మాను వీపుకు గరుకుగా ఉండేదని, పెద్దమాస్టారు రిజిస్టరు చదివిన రోజు తన అక్క పేరు వినపడిందని చెప్పాడు.

ఇంకొక్కటి అడగాలనిపించింది. అడగొచ్చో లేదో అనుకుంటూనే అడిగేశాను. "ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఎలా ఉంటుంది?"

అతను ఏరేటర్ల వైపు చెయ్యి చూపించాడు. "రాత్రంతా ఇయ్యి తిరుగుతానే ఉంటయ్యండి. ఈ నీళ్ళ మోతలో నాకు బాగా నిద్ర పడతదండి. ఆగితేనే మెలకువ వచ్చేస్తది. కరెంటు పోతే రొయ్య బతకదు గదండీ."

ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది. ఉన్నట్టుండి గట్టు మీద దీపాలు ఆరిపోయాయి. అతను దిగ్గున లేచి, "ఇక్కడే కూర్చోండి టీచరుగారండీ, జనరేటర్ ఏసొస్తా" అంటూ టార్చి పట్టుకుని చీకట్లోకి పరుగెత్తాడు. చెరువులో చక్రాలు ఒక్కొక్కటే నెమ్మదించాయి. చివరి చక్రం చప్పుడు ఎక్కడ ఆగుతుందా అని వింటూ నేను మంచం మీద కూర్చున్నాను.